బ్యారన్ వెనక చుట్టలు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే వినడానికి గొప్పగా ఉంది. నిజానికి అది నన్నేమీ వంచలేదు. వేళకు తిన్నాను, నిద్రపోయాను, పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చున్నాను. సిగ్గులేనివాడికి బరువేమిటి?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. అంతటి ధైర్యవంతుణ్ణి.

మాది ప్రకాశం వైపు పొగాకు పల్లె. మా అక్క మొగుడు, అంటే మా బావ, నేను కలిసి సేద్యం చేసేవాళ్లం. బావకు కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బిందని, పగిలితే మనిషి దక్కడని గుంటూరు ఆసుపత్రిలో చెప్పారు. ఆపరేషన్ చేయాలన్నారు. దానికి ముందు చుట్ట మానాలి, ఊపిరితిత్తులు తేరుకోవాలి అన్నారు. గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేచే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. మూడు బంతులూ లేవాలి. బావకు ఒకటి లేచి కూలబడేది.

నడవమన్నారు కదా అని రోజూ బావను నడిపించుకెళ్లేవాణ్ణి. ఎక్కడికి? పచ్చాకును సెగకు ఆరబెట్టే మా బ్యారన్ కొట్టం వెనక్కి. “మన ఆకేరా ఇది. కొట్టు సిగరెట్టులా మందులు కలపం కదా, ఇదేం చేసుద్ది?” అనేవాడు. నేను చుట్ట చుట్టి ఇచ్చేవాణ్ణి. మా తెలివి అలా ఏడ్చింది. ఆ ఆకు మీద ఎన్ని పురుగుమందులు కొట్టామో మాకంటే ఎవరికి తెలుసు? అక్కకు వాసన రాలేదా అంటారేమో. పొగాకు రైతు ఇంట్లో తలగడలకు కూడా అదే కంపు. ఎవరు పట్టుకుంటారు?

ఆపరేషన్‌కు ముందు, మత్తు ఇచ్చే డాక్టరమ్మ నన్నొక్కణ్ణే వరండాలోకి పిలిచింది.

“మీ బావగారు పొగ పూర్తిగా మానేశారా? నిజం చెప్పండి. మానకపోతే ఇంకో నెల ఆగుదాం. ఆగొచ్చనే ఆపరేషన్ చేసే సార్ కూడా అన్నారు.”

“వాసన కూడా చూడట్లేదు మేడమ్.”

“నిజమేనా?”

“అయ్యో, మా అక్క మీద ఒట్టండి.”

ఎందుకలా అన్నాను? బావ మీద ప్రేమా? ఛీ. నెల ఆగితే ఆకు కోతకొస్తుంది. బ్యారన్ మంట దగ్గర నేనే కూర్చోవాలి, ఆసుపత్రి చుట్టూ నేనే తిరగాలి. అంతే. ఒక మనిషి ఊపిరి కంటే నా నడుం నొప్పి నాకు ఎక్కువైంది.

రక్తనాళం చక్కగా బాగుచేశారు. ఊపిరితిత్తులే తేరుకోలేదు. న్యుమోనియా వచ్చింది, చాలా రోజులు మిషన్ మీద ఉంచారు. బతికాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, మంచానికీ కుర్చీకీ మధ్య. చుట్టలు తాగిన సంగతి ఆయనకు తెలుసు. పాపం, వాటివల్లే ఇలా అయిందనుకోడు, డాక్టరమ్మే చెడగొట్టిందంటాడు. ఆగే వీలుండేదని మాత్రం తెలియదు. అది ఆ డాక్టరమ్మకూ నాకూ తెలుసు.

మొన్న చెకప్‌కి వెళ్తే ఆవిడ ఎదురుపడింది. “నా మొగుడి ఉసురు నీకు తగలకపోదు” అని అక్క శాపనార్థాలు మొదలుపెట్టింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నానా? లేదు. అక్క కంటే గట్టిగా అరిచాను.

తిరిగి వస్తుంటే ఆటోలో బావ నా చెయ్యి పట్టుకున్నాడు. “నువ్వున్నావు గనక బతికానురా” అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతూ. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ అడిగింది, నేను అబద్ధం చెప్పాను. ఈ మాట అక్కతో అంటానా? అనను, నా సంగతి నాకు తెలుసు. మీతో అన్నాక మాత్రం కాస్త తేలిగ్గా ఉంది. ఆ తేలికను చూసినా నాకు అసహ్యమే.