అక్క చెప్పిన రఫ్ఫు కొట్టు

పెళ్ళయి తణుకు నుంచి కూర్మన్నపాలెం వచ్చిన కొత్తలో నేను వైజాగ్‌లో దేన్నీ నమ్మేదాన్ని కాదు. మా ఆయనకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. ఊరెళ్ళినప్పుడల్లా కందిపప్పు, కారం, చింతపండు మూటలు కట్టుకొచ్చేదాన్ని. జాకెట్లు సైతం మా ఊరి టైలరు కుడితేనే వేసుకునేదాన్ని.

పక్క వాటాలో ఒక అక్క ఉండేది. ఆవిడ పుట్టిల్లు సముద్రం ఒడ్డున, చేపల వేటకెళ్ళే కుటుంబం. స్టవ్వు పాడైతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో, పట్టీలకి మెరుగు ఎక్కడ పెట్టించాలో అడక్కుండానే చెప్పేది. నేను తలూపి, ఊరెళ్ళినప్పుడు చూసుకుందాంలే అనుకునేదాన్ని.

ఒకసారి సింహాచలం వెళ్ళి వస్తుంటే బస్సు సీటుకున్న రేకు తగిలి నా పెళ్ళి పట్టుచీర కుచ్చిళ్ళ దగ్గర చిరిగింది. రెండు నెలల్లో మా తమ్ముడి పెళ్ళి. ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చున్నాను. అక్క చిరుగుని వేళ్ళతో కలిపి చూసింది.

"గోపాలపట్నంలో ఒకాయనున్నాడు, సిరుగు కనపడకండా పోగులేసి రఫ్ఫు సేత్తాడు. రేపు ఎల్దుం."

"వద్దక్కా, మా అమ్మకి పంపిస్తాను. మా ఊళ్ళో బాగా చేస్తారు."

"మా ఊరోల్లకి సేతులు లేవేటి?"

నవ్వుతూనే అంది కానీ, ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాడు ఆవిడ వెంట గోపాలపట్నం వెళ్ళాను.

మెట్ల కింద చిన్న కొట్టు. నడివయసు సాయిబు గారు చీరని వెలుతురుకి పట్టుకుని చూశాడు. "వారం తర్వాత రండమ్మా" అన్నాడు. చీర అక్కడ వదిలేసి రావడానికి నాకు కాళ్ళు రాలేదు.

వారం తర్వాత వెళ్తే కొట్టుకి తాళం వేసి ఉంది. ఈమధ్య అసలు తియ్యడమే లేదని పక్కన టీ కొట్టాయన చెప్పాడు. తిరుగు బస్సులో ఏం మాట్లాడినా అక్కని తిట్టినట్టే ఉంటుందనిపించింది. అక్క కిటికీ లోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మర్నాడు వాళ్ళాయనకి క్యారేజీ కట్టేసి అక్క ఎటో వెళ్ళిపోయింది. సాయంత్రానికి చెమటలు కారుతూ వచ్చి మా గుమ్మంలో నిలబడింది. "ఆల్ల ఇల్లు దొరికింది సెల్లీ. రేపు బేగి బయల్దేరు" అంది.

రైలు పట్టాలకి అవతల సందులో ఉంది ఇల్లు. సాయిబు గారు కుడిచేతికి పిండికట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సైకిల్ మీంచి పడ్డాడట. మమ్మల్ని చూసి లేవబోయాడు. ఆయన భార్య పెట్టెలోంచి తెల్లగుడ్డలో చుట్టిన నా చీర తీసింది. చిరుగు సగం పూడి ఉంది.

"మీ అడ్రసు తెలీక కబురు పెట్టలేకపోయానమ్మా. ఇంకొకరికి ఇచ్చుకుంటానంటే తీసుకెళ్ళండి. లేదంటే మా ఆవిడ పూర్తి చేస్తుంది. తనకీ వచ్చు" అన్నాడు.

నేను అక్క వైపు చూశాను.

"నన్ను సూడకు. నీ సీర, నీ ఇట్టం. నానింక ఏటీ సెప్పను" అంది అక్క. ఆవిడ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

సాయిబు గారి భార్య ఏమీ బతిమాలలేదు. చీర లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి, సూదికెక్కించి, నా మాట కోసం ఆగింది. బయటి దారం కాకుండా చీర పోగే వాడబోవడం చూశాక, "మీరే చెయ్యండి" అన్నాను. అక్క గోడకి చేరగిలబడి మంచినీళ్ళు అడిగి తాగింది.

చీర వచ్చింది. దగ్గరగా పెట్టుకుని వెతికితే చెయ్యి మారిన చోటు సన్నని గీతలా కనిపించేది. కట్టుకుంటే తెలిసేది కాదు. తమ్ముడి పెళ్ళిలో మా అమ్మ కుచ్చిళ్ళు సర్దుతూ ఆ చోట వేళ్ళు ఆపింది.

"ఎక్కడ చేయించావే?"

"మా వైజాగ్‌లో" అన్నాను. అనేశాక నాకే వింతగా అనిపించింది.

ఆ తర్వాత మూటలు తగ్గాయి. జాకెట్లు గాజువాకలో కుట్టించుకున్నాను. ప్లాంటులో కొత్తగా చేరినవాళ్ళ భార్యలు ఏం కావాలన్నా నన్నే అడిగేవాళ్ళు, నేను అక్కని అడిగేదాన్ని. గోపాలపట్నం కొట్టులో భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని పనిచేసేవారు. నేను పంపానంటే టీ తెప్పించేవారని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పేవారు.

కొన్నేళ్ళకి అక్కవాళ్ళు పెదగంట్యాడలో సొంతిల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. ఇంకొన్నాళ్ళకి నేనొక చిరిగిన శాలువా పట్టుకుని గోపాలపట్నం వెళ్తే, రోడ్డు వెడల్పు చెయ్యడంలో ఆ మెట్లూ లేవు, కొట్టూ లేదు. వాళ్ళు విజయనగరంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని ఎవరో చెప్పారు.

ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేశాను. కొట్టు లేదని చెప్పాను.

"ఇప్పుడెవరి దగ్గరికెళ్ళమంటావక్కా?"

"ఇంకెవల్నీ సెప్పలేను సెల్లీ. రఫ్ఫుకి నాకు తెలిసినోల్లు ఆల్లే."