కింది గది

తప్పు జరిగిన చోట శిక్షకు తొందరపడకుండా, చేసినవాళ్లనీ బాధపడ్డవాళ్లనీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడం నా ఉద్యోగం. ఆ పని మీద విజయవాడ చుట్టుపక్కల బడులు చాలానే తిరిగాను. నేను మాత్రం ఏ బడిలోనూ చదవలేదు. అమ్మే ఇంట్లో అన్నీ నేర్పింది. అందుకేనేమో, హెడ్మాస్టర్లంటే భయం అలవాటు కాలేదు. దానికీ దేవుడికి కృతజ్ఞతలే.

ఆటోనగర్ దగ్గరి ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి సోషల్ టీచర్ నడకనీ గొంతునీ అనుకరించింది. ఎవరో ఫోనులో తీశారు. ఆ వీడియో తిరిగి తిరిగి టీచర్ల వాట్సాప్ గ్రూపులోకే వచ్చిపడింది. టీసీ ఇచ్చి పంపించేస్తానన్నారు హెడ్మాస్టరుగారు. పిల్ల తండ్రి షెడ్డులో పని వదిలేసి వచ్చి వరండాలో నిలబడ్డాడు. నేను బతిమాలితే, సరే, ఒక గంట చూడండన్నారు.

పిల్లకీ, ఆమె స్నేహితురాలికీ, టీచర్‌కీ, హెడ్మాస్టరుగారికీ, నాకూ కుర్చీలు గుండ్రంగా వేశాం. చేతిలో వస్తువు ఉన్నవాళ్లే మాట్లాడాలని నియమం. ఆ రోజు డస్టర్ తప్ప ఏమీ దొరకలేదు. అందరి ఒళ్లోనూ సుద్దపొడే. మనసులో చిన్న ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాను.

పిల్ల సారీ చెప్పి తల దించుకుంది. డస్టర్ టీచర్ చేతికి వచ్చింది.

"ఏదీ, నా ముందు చెయ్యి," అన్నారావిడ.

పిల్ల బెదురుగా నావైపు చూసింది. నాకూ ఇది కొత్తే, తలూపాను. పిల్ల లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, కుంటుకుంటూ నాలుగడుగులు వేసి, "మ్యాపు తీయండర్రా, నిద్రపోతే కృష్ణలో పడతారు," అంది. టీచర్ పెదవులు బిగబట్టారు గానీ నవ్వు ఆగలేదు.

"గొంతు బానే పట్టావే. నడకే... అది నా స్టైలు కాదమ్మా. రెండో అంతస్తు ఎక్కొచ్చేసరికి మోకాలు పట్టేస్తోంది. దాన్ని చూసి నవ్వారే, అదీ నా బాధ."

పిల్ల డస్టర్ కోసం ఆగలేదు. "మాకు తెలీదు మేడం. మీరు ఎక్కొద్దు. మేమే కిందకొస్తాం."

కింద గది ఖాళీ లేదన్నారు హెడ్మాస్టరుగారు. విరిగిన బల్లలు పడేసిన గది ఉందిగా అని పిల్లే గుర్తుచేసింది. మరి టీసీ మాటేమిటని ఆయన టీచర్ని అడిగారు.

"దీన్ని పంపించేస్తే ఆ బల్లలెవరు మోస్తారు సార్?"

ఆయన నవ్వేశారు. తండ్రికి కబురు చెబుదామని నేను వరండాలోకి వెళ్లేసరికి, పిల్ల స్నేహితురాలితో కలిసి అప్పుడే ఒక బల్లను గుమ్మంలోంచి ఈడ్చుకొస్తోంది. నేను చెప్పింది విని తండ్రి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఉండండమ్మా, గోడకి కొట్టుకుంటది," అంటూ వెళ్లి ఒక పక్క పట్టుకున్నాడు.