ఏనుగు కాదు, తోపు

డెబ్బైల చివర షార్జాలో, రోలా దగ్గర లేస్తున్న ఒక బిల్డింగులో నేను కాంక్రీటుకు చెక్క అచ్చులు కట్టే షట్టరింగు వడ్రంగిని. మా సర్వేయరు యుగోస్లావియా మనిషి, సెర్బ్. మూడేళ్లుగా మాతోనే ఉండి వచ్చీరాని హిందీ మాట్లాడేవాడు. మధ్యాహ్నం తిండి గంటలో షెడ్డు నీడన చదరంగం పరిచేవాడు. నాకు చిన్నప్పటినుంచీ ఆట తెలుసు గనుక ఎక్కువగా నేనే ఎదురుగా కూర్చునేవాణ్ణి.

ఒకరోజు గాలిదుమారం వచ్చి పావులు చెల్లాచెదురయ్యాయి. అన్నీ దొరికాయి గానీ, మూలన నిలబెట్టే నల్ల పావు ఒకటి ఇసుకలో పోయింది. మేం దాన్ని ఏనుగంటాం. ఆయన మాత్రం "తోప్, తోప్" అంటూ వెతికాడు.

మా జగిత్యాల ఖిలా మీది ఫిరంగుల్ని మేం తోపులనే అంటాం. అలాంటివే మిగతా మూడు మూల పావులూ బురుజుల్లా ఉన్నాయి. వాటిని చేసినవాడికి తోపు చెక్కడం చేతకాలేదేమో అనుకున్నాను. చెత్తలో పడేసిన చెక్కముక్క తీసుకుని, రెండు చక్రాలతో చిన్న తోపు చెక్కి, పాత ఇంజనాయిలు పూసి నలుపు చేశాను.

దాన్ని పలక మీద పెడితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూశాడు.

"మా భాషలో తోప్ అంటే ఇదేనని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. మేమూ తోపే అంటాం."

అప్పుడు చెప్పుకొచ్చాడు. వాళ్ల దేశాన్ని తుర్కులు వందల ఏళ్లు ఏలారట. వాళ్ల ఫిరంగితో పాటు దాని పేరూ వచ్చింది. తుర్కులు పోయినా పేరు పోలేదు, బురుజులాంటి పావుకి అతుక్కుపోయింది. మీ ఉర్దూలోకీ తుర్కీ నుంచే వచ్చుంటుందన్నాడు. రష్యావాళ్లు అదే పావుని పడవ అంటారట. వాళ్లకీ ఏనుగు ఉంది గానీ మూలన కాదు, గుర్రం పక్కన. వింటుంటే, నా ఊరి మాట నాకన్నా ముందే ఇంత దూరం తిరిగొచ్చిందా అనిపించింది.

ఆ తోపును ఆయన తన పెట్టెలోనే దాచుకున్నాడు. ముదీర్‌కి, అంటే మా మేనేజరుకి, కూడా చూపించాడట. నేనేమీ అడగలేదు. వారం తర్వాత ముదీర్ పిలిచి, రేపటినుంచి తలుపుల షాపుకు పొమ్మన్నాడు. అక్కడ పైన కప్పుంది, ఫ్యాను కూడా ఉంది.

రెండు నెలలకు సర్వేయరును ఇరాక్ సైటుకు పంపారు. నేను ఆ షాపులో ఏడేళ్లు తలుపులు చేశాను.