జెండా మూలన లేదు

మొన్న ఆదివారం తెల్లాపూర్‌లో మా అమ్మాయి వాళ్ల అపార్టుమెంటు క్లబ్బుహాల్లో కూర్చుని ఉండగా, నా మనవరాలు ఎవరో పుట్టినరోజుకిచ్చిన యుద్ధం ఆట డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పరిచింది. మధ్యలో గళ్ల మైదానం, రెండు వైపులా రెండు సైన్యాలు. ఎవరి బిళ్లల ముఖాలు వాళ్లకే కనబడతాయి, ఎదుటివాళ్లకు నున్నటి వీపులు తప్ప ఏమీ తెలియవు. కొన్ని ఎత్తులయ్యాక నేను ఒక బిళ్ల మీద వేలు పెట్టి, నీ జెండా ఇదే కదే అన్నాను. పిల్ల నోరు తెరిచింది. పక్కన కూర్చున్న ఒకావిడ, ముంజేతికి రంగురాళ్ల పట్టీ కట్టుకున్న బాగా చదువుకున్న మనిషే, పెద్దవాళ్లకు అలాంటి శక్తి ఏదో ఉంటుందమ్మా అంది. నాకు చర్రున కోపం వచ్చింది. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరు చెప్పాడు గానీ, ఆ ఒక్క మాట మీద వచ్చే కోపాన్ని నేను ఇంతవరకూ ఏ డాక్టరుకూ అప్పగించలేదు.

ఎందుకంటే సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు మా బావ ప్రాణం మీదికి తెచ్చింది.

అప్పుడు నేను పటాన్‌చెరులో కరెంటు స్విచ్చులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, ల్యాబులో చిన్న ఉద్యోగం చేసేదాన్ని. బావ అక్కడే స్విచ్చుల అచ్చులు తీసే ప్రెస్సు మీద పని. అక్కా బావా నేనూ ఇస్నాపూర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మిలిటరీ నుంచి వచ్చిన గేటు కాపలాదారు ఎవరో ఎప్పుడో నేర్పి పోయిన జెండా ఆట మా క్యాంటీన్‌లో భోజనాల వేళ పెద్ద వ్యసనం. స్విచ్చులకు వాడే బేకలైటు తుక్కును కోసి బిళ్లలు చేసుకున్నారు. దొర నుంచి సిపాయి దాకా అంకెల బిళ్లలుంటాయి, పెద్ద అంకె చిన్నదాన్ని తింటుంది. బాంబులూ జెండా పెట్టినచోటు నుంచి కదలవు. బాంబును తాకితే ఎంతటి దొరైనా చస్తాడు, దాన్ని తీయగలిగేది అందరికన్నా చిన్నవాడైన సిపాయి ఒక్కడే. జెండాను తాకినవాడిది గెలుపు.

ఆ ఆటలో స్టోరు చూసే పెద్దమనిషిని ఓడించినవాడు లేడు. అందరూ ఆయన్ను కాకా అనేవారు. ఎదుటివాడి జెండా ఎక్కడుందో ఆట సగం కాకముందే చెప్పేసేవాడు, ఎట్లా తెలిసిందంటే జోగిపేట దగ్గర ఎవరో స్వామి కట్టిన తాయెత్తును కళ్లకద్దుకుని, అమ్మ చూపిస్తుంది అనేవాడు. ఆట దగ్గరే ఆగితే నాకేమీ పట్టేది కాదు. కానీ బిళ్లల వెనుక చూడగలిగినవాడు దేని వెనుకైనా చూడగలడని జనం తీర్మానించుకున్నారు. ఇల్లు మారాలన్నా, ఆపరేషను చేయించుకోవాలన్నా ఆయన్ను అడగడం మొదలైంది.

ఆ రోజుల్లో బావకు క్షయ. సర్కారు దవాఖానలో ఇచ్చిన గోలీలు మింగుతుంటే దగ్గు తగ్గింది, ఒళ్లు కొంచెం తేరుకుంది. సరిగ్గా అప్పుడే ఆపకూడదని, ఆపితే జబ్బు మొండికెత్తి తిరగబడుతుందని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఒకరోజు అక్క బియ్యం డబ్బా వెనుక విప్పని గోలీల పట్టీలు చూసి నిలదీస్తే, తన ఛాతీ మీద కాకా చెయ్యి పెట్టి చూసి, లోపల ఇంకేమీ లేదన్నాడని బావ నింపాదిగా చెప్పాడు. నేను మండిపడితే నవ్వాడు.

"బిళ్ల ఎనుక ఉన్నది సూసేటోనికి నా ఛాతీల ఉన్నది కనవడదా మరదలా?"

ఎంత వాదించినా ఆ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగేవాడు. అక్క ఏడుపుకూ కదలలేదు, డాక్టరమ్మ బెదిరింపుకూ కదలలేదు. ఇక మిగిలింది ఆ బల్ల ఒక్కటే అనిపించింది నాకు. కాకా చూపు ఏపాటిదో ఆ బల్ల మీదే తేల్చాలి.

క్యాంటీన్‌లో మగవాళ్లు ఆడే బల్ల దగ్గరికి ఆడపిల్లలు వెళ్లకూడదని ఎవరూ రాసిపెట్టలేదు గానీ ఎవరూ వెళ్లేవారు కాదు. నేను అన్నం గిన్నె పట్టుకుని వెళ్లి అక్కడే నిలబడి తిన్నాను. మొదట గొణిగారు, తరువాత అలవాటుపడ్డారు. చూడగా చూడగా రెండు సంగతులు తెలిశాయి. బావ సైన్యం పరిచాక అన్నిటికన్నా చివర ఒక బిళ్లను చూపుడు వేలితో సుతారంగా సర్దుతాడు, ప్రెస్సులో అచ్చు సరిచేసే అలవాటు అది. ఆ బిళ్లే జెండా. కాకా కళ్లు ఆ వేలి మీద ఉంటాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు, అన్నీ ఆయనకు కంఠోపాఠం.

రెండోది కాకా సొంత కోట. ఆయన ఎడమ మూలలో మూడు బిళ్లలు ఎప్పుడూ కదలవు. అవి బాంబులని, వాటి వెనుక జెండా ఉందని అందరూ సిపాయిలను అటే తోలి పోగొట్టుకునేవారు. నాకు ఆయన స్టోరు గుర్తొచ్చింది. ల్యాబు సామాను కోసం రోజూ వెళ్లేదాన్ని కదా. దూరపు మూలన ఎర్రబోర్డు పెట్టి యాసిడ్ జాడీలు నిలబెట్టేవాడు, వాటి వెనుక ఏదో విలువైనది ఉందని కొత్తవాళ్లు అనుకునేవారు. అక్కడ ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు. ఫ్యాక్టరీ మొత్తంలో ఖరీదైన, స్విచ్చుల్లో అతికే వెండి ముక్కల పెట్టె ఆయన కుర్చీ పక్కనే, మోచేతికి తగిలేచోట ఉండేది. మనిషి పగలంతా ఒక రకంగా సర్దుతూ, భోజనాల వేళకు ఇంకో రకంగా సర్దగలడా? బల్ల మీద చూస్తే ఆయన దొర బిళ్ల రెండో వరుస నడుమ ఒక బిళ్లను అంటిపెట్టుకునే ఉండేది, ఎంత మంచి వేట దొరికినా అక్కడి నుంచి దూరం పోయేది కాదు.

నేను ఆడతానంటే క్యాంటీన్ గొల్లుమంది. "ఏంది బిడ్డా, ల్యాబుల సీసాలు కడుగుడు అయిపోయిందా?" అన్నాడు కాకా. అయిపోయింది కాకా, ఇప్పుడు నీ మహిమ కడుగుదామని వచ్చాను అన్నాను. బావ ముఖం మాడిపోయింది. బిళ్లలు పరిచాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఏ బిళ్లనూ చూడలేదు. ఆయన నా ముఖంలో, వేళ్లలో చాలాసేపు వెతికాడు. అమ్మ ఆ రోజు ఏమీ చూపించలేదు. మూలన ఉన్న బాంబుల జోలికి నేను పోలేదు. ఒక మామూలు బిళ్లతో ఆయన దొరను ఒక్క గడి పక్కకు ఊరించి, ఇంకొక దానితో నడుమకు వెళ్లాను.

"కాకా, నీ జెండా మూలన లేదు. నీ కుర్చీ పక్కన ఉంది."

తిప్పి చూస్తే జెండా!

చప్పట్లు కొడతారనుకున్నాను. ఒకాయన చేతులు జోడించాడు. "మా బర్రె తప్పిపోయింది, ఏ దిక్కు వొయిందో జెర చెప్పమ్మా!" అన్నాడు. వెనుక ఎవరో, అమ్మ కాకాను ఇడిసిపెట్టి ఈ పిల్లను పట్టిందిరో అని అరిచారు. బావ కళ్లలో నీళ్లు. "నీకే కనవడ్తున్నదంటే ఇగ నువ్వెట్ల చెప్తె గట్ల. మింగుమంటె మింగుత."

ఇంటికి వచ్చాక అక్క నా గడ్డం పట్టుకుంది. "అవునను. నీదేం బోయింది? గోలీలు మింగితె సాలదా?" నిజమే, ఒక్క అబద్ధం ఆడితే ఆ పూటే గోలీ గొంతు దిగేది. కానీ రేపు నన్ను ఓడించినవాడు వద్దంటే? అప్పుడు బావ అతని మాట వింటాడు. ఒక తాయెత్తు తీసి ఇంకొక తాయెత్తు కట్టడానికి నేను ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. నాకు ఏ శక్తీ లేదని చెప్పి, కాకా స్టోరు సంగతీ, బావ చూపుడు వేలి సంగతీ ఆసాంతం విప్పి చెప్పాను. బావ తన వేలి వంక అది పరాయివాళ్లదైనట్టు చూసుకున్నాడు. గోలీ మాత్రం మింగలేదు. అక్క నా మీద అలిగి అన్నం వడ్డించలేదు. నాకు ఆ రాత్రి కంటి మీద కునుకు రాలేదు.

మరునాడు బావ తనంతట తాను కాకా ఎదుట కూర్చున్నాడు. సైన్యం పరిచి, చివర చూపుడు వేలితో ఒక బిళ్లను సుతారంగా సర్దాడు. కాకా తాయెత్తును కళ్లకద్దుకున్నాడు, తన దొరను నేరుగా ఆ బిళ్ల మీదికి తోలాడు. అది బాంబు.

బావ నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక మళ్లీ నవ్వాడు. "అమ్మ గాదు కాకా, నా ఏలు!" అని వేలు పైకెత్తి క్యాంటీన్ అంతటికీ చూపించాడు. ఆట ముగించకుండానే లేచి, సూపర్వైజరును పర్మిషన్ అడిగి, తాను గోలీలు ఎన్నాళ్లుగా మానేశాడో డాక్టరమ్మకు ఒప్పుకోవడానికి దవాఖానకు పోయాడు. ఆమె తిట్టిన తిట్లన్నీ అక్కకు పూసగుచ్చినట్టు చెప్పి, మందు చివరిదాకా మింగాడు. ఆ తరువాత రిటైరయ్యేదాకా ప్రెస్సు మీద పనిచేశాడు.

కొన్నాళ్లకు స్టోరులో కాకా నన్ను ఆపాడు. "నా కండ్లతోని సూసి చెప్పిన అంటె ఎవడింటడు బిడ్డా? అమ్మ చెప్పిందంటె ఇంటరు." ఆ మాటలో దిగులుంది, అది నాకిప్పటికీ అర్థమవుతుంది. కానీ ఆయన్ను నేను క్షమించింది మాత్రం లేదు. అంత చక్కటి చూపున్న మనిషి, ఆ చూపును చూపు అని చెప్పుకునే ధైర్యం లేక ఒక రోగి చేత మందు మాన్పించాడు.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, ఆ చోట గోదాములు లేచాయి. బేకలైటు బిళ్లలు ఏ తుక్కులో కలిశాయో తెలియదు. పెద్దగా చదువుకోని మా బావ, అది ఎట్లా తెలిసిందో విప్పి చెబితే ఒక రాత్రి ఆలోచించి తెల్లారి పరీక్ష పెట్టాడు. ఇవాళ ఇన్ని అంతస్తుల ఎత్తున, ఇన్ని డిగ్రీల నడుమ, ఎట్లా అని అడిగే గొంతు కోసం నా చెవులు కాచుకుని ఉంటున్నాయి.

రాళ్ల పట్టీ ఆవిడకు, నాకు ఏ శక్తీ లేదమ్మా, దీని కళ్లు మాటిమాటికీ అటే పోతున్నాయి అన్నాను. ఆవిడ మొహమాటంగా నవ్వి ఫోనులోకి చూసుకుంది. మనవరాలు మాత్రం బిళ్లలన్నీ మళ్లీ పరిచింది. ఈసారి దాని కళ్లు కుడి మూలకు పోయాయి, మళ్లీ పోయాయి. నేను నా దొరను ధీమాగా అటు తోలాను.

బాంబు.

అది కిసుక్కున నవ్వింది. అంత పెద్ద హాల్లో నాకు ఆ క్షణాన మా బావ దగ్గు వినిపించింది.