రబ్బరు దవడ అధ్యక్షుడు, కర్టెన్ల ఖాజా

నేను బహ్రెయిన్‌లో డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. నా చివరి ఉద్యోగం ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, ఒక పళ్ళ ఆసుపత్రి వెనకున్న రెండు గదుల ల్యాబులో. ఇప్పుడు చెప్పబోయేది కోవిడ్ తగ్గి జనం మాస్కులు తీసేసిన ఏడాది సంగతి. ఆ ఏడాదిని మా వృత్తివాళ్ళు అంత తేలిగ్గా మరచిపోరు. అన్నాళ్ళూ మాస్కు చాటున దాచుకున్న పళ్ళన్నీ బాగుచేయమని ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

ముందు మా హోదా గురించి చెప్పాలి. టెక్నీషియన్ అంటే డాక్టరు కాదు. నోట్లో చెయ్యి పెట్టే అధికారం మాకు లేదు. డాక్టరు కొలత తీసి పంపిస్తే, అందులో రాతిపొడి కలిపిపోసి నోటి అచ్చు చేస్తాం. ఆ అచ్చు మీద మైనంతో పళ్ళు నిలబెడతాం. తర్వాత మైనం కరిగించేసి, ఆ ఖాళీలో ప్లాస్టిక్ నింపి ఉడికిస్తాం. ఉద్యోగమంతా నేను చూసినవి నోళ్ళే, ముఖాలు కావు. బజార్లో ఎవరైనా నవ్వితే ఆ ముందుపన్ను నేను చేసిందేమోనని అనుమానం వచ్చేది, అంతకుమించి పరిచయాలు ఉండేవి కావు.

ఖాజా ముఖం చూడాల్సి రావడానికి భాషే కారణం. మా డాక్టరమ్మది కేరళ. ఒకరోజు ల్యాబు తలుపు దగ్గరికొచ్చి, "సువర్ణా, మీ తెలుగాయన ఒకరు వచ్చారు, ఆయన మాట ఒక్కటీ అర్థం కావడం లేదు, నువ్వొచ్చి విను" అంది. వెళ్ళి విన్నాను. నాకూ అర్థం కాలేదు.

ఖాజాది కామారెడ్డి దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి. జిదాఫ్స్‌లో కర్టెన్ గుడ్డల దుకాణంలో కౌంటర్ చూసేవాడు. సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడు పై దవడలో కణితి ఉందని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి అంగిలి కుడిభాగం, దానితో పాటు కొన్ని పళ్ళు తీసేశారు. జబ్బు పూర్తిగా పోయిందన్నారు. బయటికి చిన్న మచ్చ కూడా లేదు. నోరు తెరిస్తే మాత్రం లోపల అంగిలికి కన్నం, ఆ కన్నం తిన్నగా ముక్కులోకి దారి. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. మాట్లాడితే గాలంతా ముక్కులోకే పోయి మాట ముద్దగా వచ్చేది.

ఇలాంటి కన్నాన్ని మూసే ప్లేటును అబ్ట్యురేటర్ అంటారు. మామూలు పళ్ళ సెట్టు లాంటిదే, కాకపోతే పైన ఒక ఉబ్బు ఉంటుంది. అది కన్నంలోకి వెళ్ళి సీసాకు బిరడాలా కూర్చుంటుంది. హైదరాబాదులో ఇచ్చింది తాత్కాలికమైనది. పుండు మానేకొద్దీ కన్నం ఆకారం మారి, అది వదులైపోయింది. మాస్కులున్నంత కాలం గొంతు మార్పుకు మాస్కు వంక చెప్పాడు. అవి పోయాక జలుబన్నాడు. ఎండాకాలం వచ్చేసరికి ఆ వంకకూ కాలం చెల్లింది.

దుకాణం యజమాని వయసు మళ్ళిన బహ్రెయినీ. ఖాజాకు కఫీల్ కూడా ఆయనే, అంటే వీసా ఆయన చేతిలో ఉంది. పనివాళ్ళంతా ఆయన్ని బాబా అనేవాళ్ళు. ఊళ్ళో పన్ను తీయించుకున్నానని మాత్రమే ఖాజా ఆయనకు చెప్పాడు. నిజం తెలిస్తే రోగిష్టివాడెందుకని ఇంటికి పంపేస్తాడని అతని భయం. "అక్కా, తినుడు గురించి నాకు ఫికర్ లేదు, గంజి తాగైనా ఉంట. మాట కావాలె. దుక్నంల నా మాటకే జీతమిస్తరు" అన్నాడు. ఆ నాలుగు ముక్కలూ అతని చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాక గాని నాకు తెలియలేదు.

కొలత తీసే మందు కలుపుతుంటే, ఇది కూడా ఆపరేషనేనా అని అతను రెండుసార్లు అడిగాడు. ధైర్యం చెప్పడానికి నాకు తెలిసిన కథ ఒకటే. మా వృత్తివాళ్ళకు అమెరికా అధ్యక్షుల యుద్ధాల కన్నా వాళ్ళ పళ్ళ గురించి ఎక్కువ తెలుసు. సికింద్రాబాదులో నాకు పని నేర్పిన మాస్టారు ఇవన్నీ పాఠంతో కలిపే చెప్పేవారు. వాళ్ళ మొదటి అధ్యక్షుడివి చెక్క పళ్ళని అందరూ అనుకుంటారు, కానే కావు. సీసం దిమ్మ మీద నీటిగుర్రం దంతమూ మనుషుల పళ్ళూ కూర్చి చేశారు. పై సెట్టునూ కింది సెట్టునూ స్ప్రింగులతో కలిపితే, అవి నోటిని ఎప్పుడూ తెరవాలనే చూసేవి. పటాల్లో ఆయన బిగించిన మూతి చూసి మనం గాంభీర్యం అనుకుంటాం. మా మాస్టారు మాత్రం ఆ ఘనత స్ప్రింగులకే ఇచ్చేవారు.

ఖాజాకు చెప్పింది ఇంకో అధ్యక్షుడి సంగతి. 1893లో పదవిలో ఉన్నాయనకు సరిగ్గా ఇలాగే పై దవడలో కణితి లేచింది. అప్పుడు దేశంలో బ్యాంకులు కూలుతున్నాయి, అధ్యక్షుడికి జబ్బని తెలిస్తే ఇంకా గగ్గోలవుతుందని రహస్యంగా ఉంచారు. విహారానికని చెప్పి ఒక స్నేహితుడి పడవ ఎక్కించారు. కుర్చీని పడవ స్తంభానికి కట్టి ఆయన్ని కూర్చోబెట్టి, కదిలే పడవలోనే ఆపరేషన్ చేశారు. అంతా నోట్లోంచే కానిచ్చారు కాబట్టి ఆయన పెద్ద మీసం చెక్కుచెదరలేదు. తర్వాత గట్టి రబ్బరుతో ఇలాంటి ప్లేటే చేసి అమర్చితే మాట మునుపటిలాగే వచ్చింది. అడిగినవాళ్ళకు పంటి నొప్పి అని చెప్పారు. ఆ కణితి ఇప్పటికీ ఒక మ్యూజియంలో సీసాలో ఉంది.

ఖాజా కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. పంటి నొప్పి అన్న దగ్గర నవ్వాడు కూడా. తర్వాత ఏమైందో నేను చెప్పబోయేసరికి మందు చిక్కబడింది, డాక్టరమ్మ దాన్ని కొలత పళ్ళెంలో నింపి అతని నోట్లో పెట్టేసింది. కథ అక్కడ ఆగింది.

ప్లేటు చేశాను. ఉబ్బును లోపల బోలుగా ఉంచి పైన మూత అతికించాలి, లేకపోతే బరువుకు ప్లేటు జారిపోతుంది. అతుకు దగ్గర సందుంటే లోపలికి నీరు దిగి కంపు కొడుతుంది. ఆ పని బాగానే కుదిరింది. కుర్చీలో కూర్చోబెట్టి ముక్కు కింద చిన్న అద్దం పట్టి మాట్లాడించారు. మాట్లాడేటప్పుడు గాలి ముక్కులోకి తప్పించుకుంటే అద్దం మీద ఆవిరి పడుతుంది. పడలేదు. రెండు రోజులకే ఖాజా మళ్ళీ వచ్చాడు, దుకాణంలో మాట ముక్కులోకి పోతోందని. కుర్చీలో బాగుంటే దుకాణంలో ఎందుకు పోతుందో నాకూ డాక్టరమ్మకూ అర్థం కాలేదు.

దుకాణంలో ఎలా ఉంటావో అలా నిలబడి చూపించమన్నాం. అతను మందుల బీరువా ముందు నిలబడి, తల వెనక్కి వాల్చి, నిచ్చెన మీంచి పై అరలోని గుడ్డ తానును అందుకుంటున్నట్టు చెయ్యి చాచి, భుజం మీదుగా తిరిగి, వెనక బేరమాడుతున్న ఆడవాళ్ళకు జవాబు చెప్పాడు. గొంతు చటుక్కున ముక్కులో పడింది. తల ఎత్తి తిప్పినప్పుడు అంగిలి చివరి కండ లాగుతోంది, ప్లేటు అంచు దగ్గర సందు పడుతోంది. డాక్టరమ్మ అప్పటికప్పుడు అంచులకు మెత్తటి మందు పూసి, నిలబెట్టే కొలత తీసింది. ఖాజా బీరువాకేసి చూస్తూ, అటూ ఇటూ తిరుగుతూ, అక్కడ లేని బురఖా ఆడవాళ్ళతో అరబ్బీలో బేరమాడాడు. రిసెప్షన్ పిల్ల తలుపు సందులోంచి చూసి నవ్వాపుకోలేకపోయింది. ఆ కొలతతో చేసిన ప్లేటు పెట్టుకుని అతను మొదటి మాట అన్నప్పుడు, అది ఎంత మంచి గొంతో నాకప్పుడు తెలిసింది. నా కళ్ళు చెమర్చాయి, అది చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

నెల తర్వాత తనిఖీకి వస్తూ హల్వా డబ్బా తెచ్చాడు. మహా హుషారుగా ఉన్నాడు. ఆ హుషారుకు కారణం కూడా చెప్పాడు.

రాజేశం అని జగిత్యాల మనిషి, అదే దుకాణంలో సామాను మోసేవాడు. సనాబిస్‌లో ఇద్దరిదీ ఒకే గది. పొద్దున నోరు కడుక్కునేటప్పుడు ప్లేటునూ లోపలి కన్నాన్నీ రాజేశం చూశాడు. చూసి ఊరుకోలేక, ఖాజా అన్నకు నోట్లో పెద్ద ఆపరేషన్ అయింది, నిచ్చెనెక్కించవద్దు, తానులు నేను దించుతానని బాబాకు చెప్పాడు. బాబా ఖాజాను పిలిచి అడిగాడు.

"నేను మంచిగ ఖడక్‌గ చెప్పినక్కా, అసలు అట్లాంటిదేం లేదు, పన్ను తీయించుకున్న అంతే అని. నా గొంతు విని బాబా నన్నే నమ్మిండు. రాజేశంకు మస్తు అక్షింతలు పడ్డయి. నా కౌంటర్ మీద కన్నేసి అబద్ధాలు చెప్పుతున్నవా, నెలాఖరుకు సామాన్ సర్దుకో అన్నడు."

ఇదంతా నేను చేసిన ప్లేటు పెట్టుకుని, ఒక్క అక్షరం తడబడకుండా చెప్పాడు. చేతిలోని హల్వా ముక్కను తిరిగి డబ్బాలో పెట్టేశాను. అతని మీద కోపం వచ్చింది. కానీ ఉన్న వీసా పోతుందన్న భయమెలాంటిదో గల్ఫులో బతికిన నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అతన్ని మందలించడం నా ఉద్యోగంలో లేదు. "ఖాజా భాయ్, ఆ ప్రెసిడెంటు కథలో కొంత మిగిలిపోయింది, వినిపోండి" అన్నాను.

ఆపరేషన్ అయిన రెండు నెలలకు ఒక పత్రికాయనకు నిజం తెలిసింది. పడవలో మత్తు ఇచ్చిన పళ్ళ డాక్టరే నోరు జారాడు. ఆ విలేఖరి ఉన్నదున్నట్టు రాశాడు. అధ్యక్షుడి మనుషులు అంతా కట్టుకథ అన్నారు. ఆయన గొంతు ఖంగున మోగుతోంది కదా, జనం ఆయన్నే నమ్మారు. విలేఖరికి అబద్ధాలకోరన్న పేరు మిగిలింది.

"తర్వాత ఆ పేపరాయన ఏమయిండక్కా?"

ఇరవై నాలుగేళ్ళు ఆ పేరుతోనే బతికాడనీ, చివరికి ఆపరేషన్ చేసిన డాక్టర్లలో ఒకాయన నిజం రాశాడనీ, అప్పటికి అధ్యక్షుడు పోయి చాలా ఏళ్ళయిందనీ చెప్పాను.

"ప్రెసిడెంట్ సాబ్ ఒక్క మాట చెప్తే అయిపోవునుగదా" అన్నాడు ఖాజా. అని, హల్వా డబ్బా మూత బిగించి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాకు భయం పట్టుకుంది. ఇతను వెళ్ళి నిజం చెబితే, ఒకరి ఉద్యోగం బదులు ఇద్దరివీ పోవచ్చు. టెక్నీషియన్‌కు ఈ పెత్తనం ఎందుకని నన్ను నేనే తిట్టుకున్నాను. శుక్రవారం మా చర్చి తెలుగు సహవాసంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు, పేర్లు చెప్పకుండా, ఇద్దరు సోదరుల ఉద్యోగం గురించి ప్రార్థించమన్నాను. బాపట్లలో మా అమ్మ ఆపరేషన్‌కు కూడా నేను అంత గట్టిగా ప్రార్థించలేదు.

ఆ పై వారం ఖాజా వచ్చాడు. వెనకాల పొట్టిగా, బలంగా ఉన్న మనిషి చెప్పులు తలుపు బయటే విడిచి లోపలికొచ్చాడు. అతనే రాజేశం. ఇద్దరినీ కలిపి చూడగానే నాకు గుండె బరువు సగం దిగింది. జరిగింది రాజేశమే చెప్పాడు.

మధ్యాహ్నం దుకాణం కట్టేసే వేళ ఖాజా బాబాను కూర్చోమని, అటు తిరిగి ప్లేటు తీసి రుమాలులో పెట్టుకుని, రాజేశం చెప్పింది నిజమని చెప్పాడట. బాబాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు. ఈ లోపు చాయ్ తాగమని గ్లాసు చేతికిస్తే, తాగిన చాయ్ ముక్కులోంచి వచ్చింది. "అన్న ఏడుస్తనే ఉన్నడు మేడం, నాకైతే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే" అన్నాడు రాజేశం. ఆఖరికి బాబా చెయ్యెత్తి, "ఖలాస్, ఇక చాలు. అది పెట్టుకొని మాట్లాడు" అన్నాడట.

ఖాజా ప్లేటు పెట్టుకుని మొదటి నుంచీ చెప్పాడు. ఆపరేషన్ గురించి, భయం గురించి, రాజేశం మీద వేసిన నింద గురించి. బాబా అంతా విని, నొప్పిగా ఉందా అని అడిగాడు. లేదన్నాడు. జబ్బు మళ్ళీ వస్తుందా అని అడిగాడు. రాదన్నారని చెప్పాడు. మొదటిరోజే చెబితే ఏం పోయిందని ఖాజా మీద కేకలేసి, రాజేశంను పిలిచి, ఇకనుంచి నిచ్చెన నీది, కౌంటర్ ఇతనిది అన్నాడు. సామాన్ సర్దుకోమన్న మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

వాళ్ళు వెళ్ళాక డాక్టరమ్మతో, నిచ్చెన పని లేకపోతే తల ఎత్తి తిప్పుతూ తీసిన ఆ కొలతంతా దండగేనా అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ తేలిగ్గా నవ్వాను.

ఇది నాకు నేర్పింది ఒకటే. ఖాజా ప్లేటు పెట్టుకుని అబద్ధం చెప్పాడు, తీసేసి నిజం చెబితే ఎవరికీ అర్థం కాలేదు, మళ్ళీ పెట్టుకుని నిజం చెప్పాడు. పెట్టుకున్న రెండుసార్లూ ప్లేటు తన పని తాను సరిగ్గానే చేసింది. మా ల్యాబు బాధ్యత అంతవరకే. మిగతాది పెట్టుకున్నవాడిది.