అక్క వదులుకున్న కుర్చీ

విమానాశ్రయంలో అక్క కౌంటరూ చెల్లెలి కౌంటరూ పక్కపక్కనే ఉండేవి. కంపెనీలు మాత్రం వేరు. అక్కది నీలం కోటు, చెల్లెలిది నారింజ రంగు కోటు. ప్రయాణికులు లేని వేళ చూసి చెల్లెలు మెడ చాచేది.

"మీ విమానం దానంతటదే ఎగిరిందా, నెట్టాల్సొచ్చిందా?"

"నెట్టడానికి మీవాళ్ళనే పిలుద్దామనుకున్నామే. ఎలాగూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారుగా!" అని అక్క అంటించేది. సామాన్ల బండ్లు తోసేవాళ్ళు పగలబడి నవ్వేవారు.

తల్లి పోయేనాటికి చెల్లెలికి జడ వేసుకోవడం కూడా రాదు. అక్కే పెంచింది, చదివించింది, పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "ముందు దీని సంగతి తేలనివ్వండి" అంటూ ఆ వయసు కాస్తా దాటేసింది. చెల్లెలిని పక్క కంపెనీలో చేరమన్నదీ తనే. ఇద్దరూ ఒకేచోట ఉంటే ఆ కంపెనీ మునిగిననాడు ఇద్దరూ మునుగుతారని ఆమె భయం.

ఇంతలో వ్యాపారాలు దెబ్బతిన్నాయి. జనం ప్రయాణాలు మానుకున్నారు. విమానాలు సగం ఖాళీగా ఎగరసాగాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఒడ్డెక్కుదామని ఆ రెండు కంపెనీలూ కలిసిపోయాయి. కేకు కోశారు, అందరికీ బూడిద రంగు కోట్లు పంచారు. ఆ కోట్ల మడతలు ఇంకా పోనేలేదు, మేనేజరు అక్కను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"మీ ఇద్దరి కౌంటర్లకూ కలిపి ఇన్‌చార్జి పోస్టు ఒక్కటే మిగిల్చారమ్మా. సర్వీసు మీదే ఎక్కువ. మీ చెల్లెలికే ఎలా చెప్పాలో తెలీడం లేదు."

చెల్లెలి భర్త అప్పటికే పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. పాపను కొత్తగా బడిలో వేశారు. అక్క కుర్చీలోంచి లేచింది.

"నన్ను తీసేయండి సార్. నేనే అడిగానని మాత్రం దానికి తెలియనివ్వకండి."

"వయసైపోయిందన్నారే," అని చెల్లెలితో నవ్వుతూ చెప్పింది. చెల్లెలు నవ్వలేదు.

తర్వాత ఎన్ని ఆఫీసుల మెట్లెక్కినా ఎవరూ పని ఇవ్వలేదు. చివరికి ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పని దొరికింది. మొదట్లో చెల్లెలు తరచూ వచ్చేది. రానురాను ఆ రాకలు తగ్గాయి. ఒకరోజు మార్కెట్లో ఎదురుగా వస్తూ, అక్కను చూసి గభాల్న పక్కసందులోకి తిరిగిపోయింది. ఉద్యోగం పోయినప్పుడు కూడా అంతగా ఏడవని అక్క ఆరోజు ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. నిజం చెప్పేద్దామని ఫోను తీసింది. చెబితే అది మర్నాడే రాజీనామా పడేసి వస్తుంది. దాని పొగరు తనకు తెలియనిదా? ఫోను పక్కన పెట్టేసింది.

ఏడాది తిరక్కుండానే ఆ కొత్త కంపెనీ ఈ ఊరికి విమానాలే ఆపేసింది. అందరికీ వీడ్కోలు చెబుతూ మేనేజరు చెల్లెలి దగ్గర నోరు జారాడు.

చెల్లెలు ఆ బూడిద రంగు కోటుతోనే, రొప్పుతూ ఆసుపత్రికి వచ్చింది. ఉడుకునీళ్ళ ఆవిరిలో అక్క ముఖం సరిగ్గా కనిపించలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను. ఒప్పుకోననే చెప్పలేదు కదూ! నీ కుర్చీలో కూర్చున్నానని సిగ్గుతో నీ గడప తొక్కలేకపోయానక్కా. నిన్ను చూసి సందులోకి పారిపోయాను. ఉద్యోగం నాకిచ్చావు సరే, అక్కని ఎందుకు లాగేసుకున్నావు?"

అక్క దాన్ని దగ్గరికి తీసుకోబోయి, చేతులు తడిగా ఉన్నాయని ఆగింది. చెల్లెలే వచ్చి ఆ తడి చేతుల మీద పడి భోరుమంది.

ఆ నెలలోనే చెల్లెలి భర్తకు దూరాన మరో ఊళ్ళో పని దొరికింది. సామాను కట్టుకుని ముగ్గురూ వెళ్ళిపోయారు. సెలవురోజున చెల్లెలు ఫోను చేస్తుంది. పాప అల్లరి గురించీ అక్క మోకాళ్ళ నొప్పి గురించీ మాట్లాడుకుంటారు. మధ్యలో చెల్లెలు ముక్కు చీదుతుంది. "వినిపించడం లేదే" అంటుంది అక్క, అన్నీ వినిపిస్తూనే ఉన్నా.