ఐదున్నరకు వచ్చే పేరు

నా కొడుకు పోయిన నలభై రోజులకు వాడి ఫోన్ మోగింది. పొద్దున ఐదున్నర అయింది. వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేసరికి బీరువాలో, వాడి చొక్కాల కింద, ఎవరో గొణిగినట్టు చప్పుడు. అందులో వేయించిన రీఛార్జి ప్యాక్ ఇంకా రెండు నెలలుంది, ఊరికే ఎందుకు పోగొట్టాలని ఛార్జింగ్ పెడుతూ ఉంచాను. తీసి చూస్తే ఇంగ్లిషులో మెసేజ్. నేను చదివింది మూడో తరగతి, అదీ తెలుగే. అయినా వాడి పేరు ఇంగ్లిషులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. మెడలో వేసుకునే కార్డు మీద ఏళ్ళ తరబడి చూశాను. ఆ పేరే ఉంది.

వాడు షామీర్‌పేట నుంచి తుర్కపల్లి ల్యాబులకు స్టాఫ్ క్యాబ్ నడిపేవాడు. వాడు పోయాక వాడి కూతురికి, అదే నా మనుమరాలికి, మేడ్చల్‌లోని ఆ క్యాబుల ఆఫీసులోనే కంప్యూటర్ పని ఇచ్చారు. పని చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఇంట్లో ఇక సంపాదించేది అదొక్కతే.

మెసేజ్ సంగతి దానికి చెప్పలేదు. ఏడాది తిరిగేదాకా పోయినవాళ్ళు గడప దగ్గరే తచ్చాడుతారని మా అత్త అనేది. అలాంటివి నమ్మే మనిషిని కాను నేను. అయినా మర్నాడు ఐదింటికే లేచి బీరువా ముందు కూర్చున్నాను. వచ్చింది. ఆ తర్వాతి రోజూ వచ్చింది. మెసేజ్ రాగానే తలుపు మూసి పనిలో పడేదాన్ని. అట్లా తొమ్మిది రోజులు గడిచాయి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నమే మనుమరాలు ఇంటికి వచ్చింది.

"అవ్వా, రేపు గూడ బాపు పేరు పోతే నన్ను రావద్దన్నడు ఆఫీసు సేటు."

"ఏం పేరు? ఎక్కడికి పోతది?"

అప్పుడు చెప్పింది. ల్యాబు వాళ్ళు పంపే జాబితాలో నా కొడుకు నడిపిన బండికి ఇంకా వాడి పేరే వస్తోందట. దాన్ని తీసేసి కొత్త డ్రైవర్ పేరు పెట్టి డ్రైవర్‌కూ, బండి ఎక్కేవాళ్ళకూ మెసేజులు పంపాలి. ఏ డ్రైవర్ పేరుంటే ఆ డ్రైవర్ ఫోన్ నంబరుకే మెసేజ్ పోతుంది. ఆ మార్చే పని 'ఆక్' అనే ప్రోగ్రాం చేస్తుంది. అది జాబితా వరుసలన్నీ చదువుతూ, చెప్పిన మాట కనబడ్డ చోటల్లా వేరే మాట పెడుతుంది. ఆ పొద్దున బండి ఎక్కిన ఒకామె ఫోన్ చూసుకుని, వాడి చావుకు వచ్చిన మనిషి, దిగి ఏడ్చిందట.

"నా మిషన్ల సూస్తే మంచిగనే మారుతాంది అవ్వా. ఇంతకుముందు బాపు పేరే వస్తుందని ఒకరిద్దరు చెప్తే, పాత మెసేజ్ సూస్తున్నరనుకున్న. దారి ఎరికేనాయె, కొత్తాయన మెసేజ్ రాకున్నా బండి తీస్తుండె."

నేను లేచి బీరువా తెరిచాను. ఫోన్ దాని చేతిలో పెట్టాను. అది తొమ్మిది మెసేజులూ ఒక్కొక్కటే చూసింది. బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ తెరిచింది.

మెసేజులు నిజంగా పంపేది షామీర్‌పేటలో వాళ్ళ ఇంకో ఆఫీసులోని కంప్యూటర్ మిషన్ అట. ఇంట్లోంచే అందులోకి దూరి చాలాసేపు వెతికింది.

"దొరికింది. అక్కడి ఆక్ వేరు, నా మిషన్ల ఆక్ వేరు. పేరు ఒక్కటే. నేను పెట్టిన గుర్తు దానికి ఎరికనే లేదు. అది బాపు పేరును పట్టనే లేదు."

"తెలియకుంటే చెప్పొద్దా?"

"చెప్పదు. ఉన్నది ఉన్నట్టు ఇడిసిపెడ్తది."

ఆ గుర్తు ఎందుకంటే, ఇంకో డ్రైవర్ పేరు చివర కూడా నా కొడుకు పేరే ఉంది. మొదట గుర్తు లేకుండా మారిస్తే అతని పేరు సగం ఎగిరిపోయింది. అతను ఆఫీసుకొచ్చి, "ఏందమ్మా, బతికుండంగనే నన్ను సగం సంపితివి?" అని గొడవ చేశాడట. అందుకని తొమ్మిది రోజుల కిందే, విడి మాటగా ఉంటేనే మార్చమని ఆ గుర్తు పెట్టింది.

"డ్రైవర్ పేరు ఎప్పుడూ ఒక్క తావులనే ఉంటదా?" అన్నాను.

"ఆ, మూడో గడిల."

"మరి ఇల్లంతా ఎందుకు ఊడుస్తున్నవ్? ఆ గడి ఒక్కటే సూడు."

అది తలెత్తి నన్ను చూసింది. మూడో గడిలో ఉన్నది అచ్చంగా ఆ పేరే అయితే, అంతకు ఎక్కువా తక్కువా కాకుంటేనే, మార్చమని రాసింది. ఏ ఆక్‌కైనా ఆ మాత్రం అర్థమవుతుందట.

"అవ్వా, ఆ ఒక్క వరుసనే షామీర్‌పేట మిషన్ నుంచి పంపి సూస్తున్న. తప్పుంటే ఈ ఫోన్‌కే వస్తది. నువ్వు పట్టుకో."

రెండు చేతులతో పట్టుకున్నాను. రావద్దని కోరుకోవలసిందాన్ని. దాని బతుకు ఆ ఫోన్ మోగకపోవడంలో ఉందని తెలుసు. అయినా నా బొటనవేలు ఆ అద్దం మీదే ఆగి ఎదురుచూసింది.

"వచ్చిందా?"

"రాలే."

"మళ్ళొకపారి సూడు."

"రాలే అన్న గద."

అది కొత్త డ్రైవర్‌కు ఫోన్ చేసింది. మెసేజ్ వచ్చిందన్నాడు. సేటుకు చెప్పింది. సరే, రేపు రమ్మన్నాడు. ల్యాప్‌టాప్ మూసి, బియ్యం డబ్బాకు వీపు ఆనించి కూర్చుంది.

"తొమ్మిది దినాలు దాసినవ్. మొదటి దినమే చెప్తే ఇంత పరేషాన్ ఉండకపోవు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్నే.

"నాకు గూడ సూపియ్యకపోతివి అవ్వా," అంది. "నేను గూడ నీ పక్కకు కూసుంటుంటి గద, పొద్దుగాల."